సోమవారం పొద్దున అడ్రస్‌ల క్యూ: పెద్ద ఆఫీసుకు డీహెచ్‌సీపీ సర్వర్ ఎంత ఉండాలి?

కొన్నేళ్ల కిందటి మాట. గచ్చిబౌలి వైపు ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ టీమ్‌లో ఉండేవాణ్ని. ఆదివారం యూపీఎస్ పని కోసం భవనం మొత్తానికి కరెంటు తీశారు. పని సాగి సాగి, సోమవారం తొమ్మిది దాటాక గానీ ఫ్లోర్లకు కరెంటు రాలేదు. అప్పటికే క్యాబ్‌లు దిగిన జనం కింద లాబీలో కిక్కిరిసి ఉన్నారు. స్విచ్‌లు లేచాయి, వైఫై పెట్టెలు లేచాయి, ల్యాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. ఐదు నిమిషాల్లో హెల్ప్‌డెస్క్ ఫోన్లు మోగడం మొదలైంది. "వైఫై కనెక్ట్ అయిందనే చూపిస్తోంది సార్, కానీ ఏదీ ఓపెన్ అవ్వట్లేదు." ఒకాయన ల్యాప్‌టాప్ తీసుకుని ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి చూస్తే 169.254తో మొదలయ్యే ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ మిషన్‌కు గుర్తుగా ఉండే నంబరు, కనిపించింది. పక్క సీటులోనూ అదే. ఆ వరుస మొత్తం అదే.

169.254 అంటే, అడిగినా ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే మిషన్ తనకు తానే తగిలించుకునే అడ్రస్. దాంతో పక్క మిషన్‌తో మాట్లాడొచ్చేమో గానీ గేటు దాటి బయటికి పోలేం. అంటే అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ చేతులెత్తేసిందన్నమాట. టెన్షన్‌తో సర్వర్‌లోకి లాగిన్ అయి చూస్తే సీపీయూ నాలుగు శాతం. మెమరీ సగానికి పైగా ఖాళీ. సర్వర్ హాయిగా ఉంది, జనం మాత్రం అడ్రస్ లేక కూర్చున్నారు. నలభై నిమిషాలకు దానంతట అదే సర్దుకుంది.

మధ్యాహ్నం మీటింగ్‌లో పెద్దలు తేల్చింది ఒకటే: సర్వర్ కెపాసిటీ చాల్లేదు, ర్యామ్ డబుల్ చేయండి. చేశాం. దానివల్ల పైసా లాభం లేదని తర్వాతి కరెంటు కోతలో తెలిసింది.

ఆ మీటింగ్‌లో అందరం "కెపాసిటీ" అన్నాం గానీ, ఏ కెపాసిటీ అని ఎవరమూ అడగలేదు. ఈ సర్వర్ విషయంలో ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు లెక్కలున్నాయి. చేతిలో ఎన్ని అడ్రస్‌లున్నాయన్నది ఒకటి. సెకనుకు ఎన్ని పంచగలమన్నది రెండోది. సర్వర్ పడిపోతే ఎంతసేపు నెట్టుకురాగలమన్నది మూడోది. మూడింటినీ ఒకేసారి అటూ ఇటూ కదిపే మీట మాత్రం ఒకటే, లీజు కాలం, అంటే ఒక అడ్రస్ ఒక మిషన్ చేతిలో ఎంతసేపు ఉండొచ్చన్న గడువు. దాన్ని ఎనిమిది రోజులు పెట్టారా, ఎనిమిది గంటలు పెట్టారా అన్నది చూడకుండా సర్వర్ కొనడానికి కొటేషన్ అడగడం దండగ.

సత్రంలో గది

1985లో వచ్చిన బూట్‌పీ అనే పద్ధతిలో ఏ మిషన్‌కు ఏ అడ్రస్ అన్నది అడ్మిన్ ముందే పట్టికలో రాసిపెట్టాలి. ఒకసారి రాస్తే అది ఆ మిషన్ సొంతం. 1993లో మొదటిసారి ప్రమాణంగా వచ్చి, 1997 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 2131 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా స్థిరపడిన డీహెచ్‌సీపీ దీనికి లీజును జోడించింది. అడ్రస్ ఇక సొంతిల్లు కాదు, సత్రంలో గది. గడువుకే ఇస్తారు. ఉండాలంటే మధ్యలో వచ్చి పొడిగించుకోవాలి.

గది దొరకడానికి నాలుగు మాటలు నడుస్తాయి. "ఇక్కడ అడ్రస్ ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా?" అని మిషన్ కేకేస్తుంది, అది డిస్కవర్. "ఇదిగో ఈ అడ్రస్ ఉంది" అని సర్వర్ చెబితే ఆఫర్. "సరే, అదే ఇవ్వండి" అంటే రిక్వెస్ట్. "రాసేశా, నీదే" అంటే అక్నాలెడ్జ్, మా వాడుకలో అక్. నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి డోరా అంటాం. ఈ కేక బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ కలిపి వేసేది, కాబట్టి రౌటర్ దాటదు. పదిహేను ఫ్లోర్లలో నూటయాభై వీలాన్లు, అంటే నెట్‌వర్క్‌ను విడగొట్టిన ముక్కలు, ఉంటే వీలాన్‌కో సర్వర్ పెట్టలేం కాబట్టి, ప్రతి వీలాన్‌కూ గేటులా ఉన్న ఎల్3 స్విచ్ (రౌటర్ పని కూడా చేసే స్విచ్) ఆ కేకను అందుకుని, "ఇది ఫలానా సబ్‌నెట్ నుంచి వచ్చింది" అని రాసి సర్వర్‌కు నేరుగా పంపుతుంది. దీన్నే రిలే అంటారు. సర్వర్ ఆ చీటీ చూసి ఏ స్కోప్‌లోంచి, అంటే ఏ సబ్‌నెట్‌కు పెట్టిన అడ్రస్‌ల వరుసలోంచి, ఇవ్వాలో నిర్ణయిస్తుంది.

కెపాసిటీకి పనికొచ్చే వివరాలు ఇక్కడ రెండున్నాయి. లీజులో సగం గడవగానే మిషన్ పొడిగింపు అడుగుతుంది. జవాబు రాకపోతే 87.5 శాతం దగ్గర ఏ సర్వర్ అయినా సరేనంటూ మళ్లీ గట్టిగా అడుగుతుంది. ఇది మొదటిది. రెండోది, గది ఖాళీ చేసేటప్పుడు తాళం తిరిగిచ్చేవాళ్లు దాదాపు ఉండరు. అడ్రస్ వదిలేస్తున్నా అని చెప్పడానికి రిలీజ్ అనే సందేశం ఉంది. కానీ ల్యాప్‌టాప్ మూత వేసి క్యాబ్ ఎక్కే మనిషికీ, ఫోన్ జేబులో వేసుకుని గేటు దాటే మనిషికీ దాంతో పని లేదు. మనిషి వెళ్లిపోతాడు, గది మాత్రం గడువు తీరేదాకా పుస్తకంలో నిండినట్టే ఉంటుంది.

సగటు చూస్తే నవ్వొస్తుంది

ఒక లెక్క వేద్దాం. 6,000 సీట్ల ఆఫీసు. ఒక్కో మనిషికి ల్యాప్‌టాప్ వైఫై ఒకటి, డాకింగ్ స్టేషన్ వైరు ఒకటి, ఫోన్ ఒకటి. ఒకే ల్యాప్‌టాప్ అయినా వైఫైకీ డాక్‌కూ మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) వేరు కాబట్టి సర్వర్ దృష్టిలో అవి రెండు మిషన్లు. ఇవే 18,000. కెమెరాలు, ప్రింటర్లు, తలుపుల రీడర్లు, మీటింగ్ గదుల తెరలు కలుపుకుంటే 20,000 అనుకుందాం.

లీజు ఎనిమిది రోజులైతే ఒక్కో మిషన్ నాలుగు రోజులకోసారి పలకరిస్తుంది. 20,000 మిషన్లూ కలిసి పదిహేడు సెకన్లకు ఒక్క పొడిగింపు. లీజు ఎనిమిది గంటలకు తగ్గిస్తే సెకనుకు సుమారు 1.4. గంటకు తగ్గిస్తే 11. పది నిమిషాల లీజు పెట్టినా సెకనుకు 67 మాత్రమే. మెమరీ సంగతికొస్తే, ఒక్కో లీజుకు ధారాళంగా ఒక కిలోబైట్ వేసుకున్నా మొత్తం 20 మెగాబైట్లు. వాట్సాప్‌లో వచ్చే ఒక వీడియోకన్నా చిన్నది. మా సర్వర్ సీపీయూ నాలుగు శాతం చూపించడంలో వింతేమీ లేదు. దీనికి లెక్కలు చేసే పని చాలా తక్కువ.

సగటు చూసుకుని నిశ్చింతగా ఉండేవాళ్లకు రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. పూల్, అంటే పంచడానికి పెట్టుకున్న అడ్రస్‌ల రాశి దగ్గర ఒకటి, కరెంటు వచ్చిన మొదటి రెండు నిమిషాల్లో ఇంకొకటి.

పూల్: కుర్చీలను కాదు, వచ్చిపోయేవాళ్లను లెక్కపెట్టాలి

విండోస్ సర్వర్‌లో కొత్తగా స్కోప్ పెడితే లీజు తనంతట తానే ఎనిమిది రోజులు అని కనిపిస్తుంది. చాలామంది నెక్స్ట్ నొక్కేస్తారు. సీటుకు అతుక్కున్న డెస్క్‌టాప్‌ల కాలంలో దానివల్ల ఇబ్బంది లేదు. గెస్ట్ వైఫైకి అదే పెడితే ఏమవుతుందో చూడండి.

రోజుకు 200 మంది విజిటర్లు, వెండర్లు, ఇంటర్వ్యూలకు వచ్చే పిల్లలు. ఒక సమయంలో లోపల ఉండేది 80 మందే. గెస్ట్ సబ్‌నెట్ /22, అంటే 1,022 అడ్రస్‌లు. 80 మందికి 1,022, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ ఎనిమిది రోజుల్లో ఐదారు పనిదినాలుంటాయి. ఆరు రోజులు, రోజుకు 200 చొప్పున, 1,200 ఫోన్లు. ఆరో రోజు మధ్యాహ్నానికి పూల్‌లో ఖాళీ గది ఉండదు. లాబీలో పట్టుమని పదిమంది కూర్చుని ఉంటారు, ఒక్కరికీ నెట్ రాదు. అదే లీజును నాలుగు గంటలు చేస్తే, రోజుకు వచ్చే 200 మందిలో అందరూ ఒకేసారి పుస్తకంలో ఉన్నా 200 దాటదు. పూల్‌లో ఎన్ని నిండుతాయన్నది లోపల ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి కాదు, లీజు గడిచేలోపు ఎన్ని కొత్త మొహాలు వచ్చాయన్న దాన్నిబట్టి ఉంటుంది.

పైగా ఇప్పుడు ఒకే మనిషి కూడా కొత్త మొహంతో రావచ్చు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్‌ను దాచి, ఒక్కో వైఫై పేరుకు ఒక్కో ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తున్నాయి. మామూలుగా ఒకే వైఫైకి అదే అడ్రస్ కొనసాగుతుంది. కానీ వైఫై పేర్లు మూడుంటే ఒకే ఫోన్ మూడు ఫోన్ల కింద లెక్క. ఐఫోన్లలో ఐఓఎస్ 18 నుంచి ఆ అడ్రస్‌ను కొంతకాలానికోసారి మార్చే ఏర్పాటు కూడా వచ్చింది. మార్చిన ప్రతిసారీ పాత గది గడువు తీరేదాకా అలాగే పడి ఉంటుంది.

ఉద్యోగుల వైపు ఇదే కథ ఇంకో వేషంలో నడుస్తుంది. 6,000 సీట్లకు 9,000 మంది, వారానికి మూడు రోజులు ఆఫీసు. ఎవరికీ సొంత సీటు లేదు. ఒకమ్మాయి సోమవారం నాలుగో ఫ్లోర్‌లో, మంగళవారం ఏడులో, గురువారం పదకొండులో కూర్చుంది. ఫ్లోర్‌కో సబ్‌నెట్, లీజు ఎనిమిది రోజులు. గురువారం సాయంత్రానికి ఆమె ల్యాప్‌టాప్ పేరున మూడు ఫ్లోర్లలో మూడు గదులు. ఏడో ఫ్లోర్‌లో ఉన్నవి 500 సీట్లే కదా అని /23 (510 అడ్రస్‌లు) ఇచ్చి ఊరుకున్న అడ్మిన్‌కు, ఆ వారంలో ఏడో ఫ్లోర్ మీదుగా పోయిన 900 ల్యాప్‌టాప్‌లు శుక్రవారం నాడు కనిపిస్తాయి. అదీ కాక, షిఫ్టులుండే చోట సాయంత్రం మార్పిడి వేళ గదులు రెట్టింపు కావాలి. ఆరింటికి దిగిపోయిన పగటి షిఫ్టు వాళ్లు ఎనిమిది గంటల లీజులో కనీసం సగం మిగుల్చుకునే పోతారు, వాళ్ల ఫోన్లు రాత్రి పదింటిదాకా, ఒక్కోసారి రెండింటిదాకా పుస్తకంలోనే ఉంటాయి. రాత్రి షిఫ్టు ఈలోపే వచ్చేస్తుంది.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. గెస్ట్‌కు రెండు నుంచి నాలుగు గంటలు. ఉద్యోగుల వైఫైకి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, అంటే షిఫ్టు దాటి మర్నాటికి మిగలకుండా. వైరు సీట్లకు ఒక రోజు. ప్రింటర్లు, కెమెరాల వంటి కదలని వస్తువులకు వారమో, అంతకు మించో. ఒకే సర్వర్‌లో స్కోప్‌కో లీజు పెట్టుకోవచ్చు కాబట్టి అందరికీ ఒకటే సంఖ్య పెట్టాల్సిన ఖర్మ లేదు. ప్రైవేటు అడ్రస్‌లలో 10తో మొదలయ్యే గుంపులోనే 1,67,77,216 ఉన్నాయి. పూల్ విషయంలో పిసినారితనం అక్కర్లేదు. ఫ్లోర్‌కు లెక్కలో 900 వస్తే /22 కన్నా తక్కువ ఇవ్వను. పూల్ 80 శాతం నిండగానే నా ఫోన్‌కు మెసేజ్ రావాలి. వంద శాతం నిండాక చెప్పడానికి హెల్ప్‌డెస్క్ ఎలాగూ ఉంది.

ఆ రెండు నిమిషాలు

ఇక మా సోమవారం దగ్గరికి వద్దాం. అసలు విషయం ఉన్నది ఇక్కడే.

మామూలు పొద్దున కూడా అందరూ ఒక్క నిమిషంలో రారు. ఎనిమిదిన్నర నుంచి పదింటిదాకా ట్రాఫిక్‌ను బట్టి తెరలు తెరలుగా వస్తారు. 20,000 మిషన్లు గంటన్నరలో వస్తే సెకనుకు నాలుగుకు కాస్త తక్కువ. దాన్ని పాత డెస్క్‌టాప్ కూడా మోస్తుంది. కరెంటు పోయి వస్తే మాత్రం ట్రాఫిక్ లేదు, తెరలు లేవు. వైఫై పెట్టెలన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి, వాటికోసం కాచుకున్న పరికరాలన్నీ ఒకేసారి కేకేస్తాయి. మా భవనంలో పదివేల దాకా ఉండేవి. రెండు నిమిషాల్లో పదివేలంటే సెకనుకు 80 పైచిలుకు.

సెకనుకు 80 లీజులు కంప్యూటర్‌కు ఒక లెక్కా? లెక్కే. ఎందుకంటే అక్ పంపేముందు సర్వర్ ఆ లీజును పోకుండా నిలిచే చోట రాయాలని ప్రమాణమే చెబుతోంది. మెమరీలో గుర్తుపెట్టుకుంటే చాలదు. సర్వర్ మధ్యలో ఆగిపోయి లేస్తే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో మరిచిపోయి, అదే అడ్రస్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తుంది. అందుకే జాగ్రత్త గల సర్వర్ ఒక్కో లీజునూ డిస్కు మీద పడిందని ఖాయం చేసుకున్నాకే "నీదే" అంటుంది. ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఐఎస్‌సీ సంస్థవారి పాత డీహెచ్‌సీపీ సర్వర్ సాఫ్ట్‌వేర్, డీహెచ్‌సీపీడీ, ఇలాగే చేసేది. కౌంటర్‌లో ఒక గుమాస్తా, వెనక గదిలో రిజిస్టర్. ఒక్కొక్కరి పేరు రాయడానికి లేచి లోపలికి వెళ్లి రాసి రావాలి. రాయడానికి అర సెకను పట్టదు, నడకకే టైమంతా పోతుంది.

తిరిగే డిస్కు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120. ఒక్కో రాతకు ఇంచుమించు ఒక చుట్టు ఆగాల్సి వస్తే, సెకనుకు వంద చుట్టుపక్కలే రాయగలం. సీపీయూ ఎంత పెద్దదైనా, ర్యామ్ ఎంత ఉన్నా ఈ సంఖ్య పెరగదు. మాకు ఆ వంద కూడా లేదు. మా సర్వర్ వర్చువల్ మిషన్, అంటే ఒక పెద్ద కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మిషన్. దాని డిస్కు ఇంకో యాభై మిషన్లతో కలిసి ఉమ్మడి స్టోరేజీలో ఉండేది. కరెంటు వచ్చిన ఆ నిమిషంలో ఆ యాభై కూడా ఒకేసారి బూట్ అవుతూ డిస్కును పీక్కుతింటున్నాయి. మామూలు రోజుల్లో రెండు మిల్లీసెకన్లు పట్టే రాత ఆ పొద్దున పాతిక పట్టింది. అంటే సెకనుకు నలభై. 80 వస్తున్నాయి, 40 పోతున్నాయి.

మిగిలినవి క్యూలో ఉంటాయి, కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా అనుకోవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. జవాబు రాకపోతే మిషన్ ఊరుకోదు. సుమారు నాలుగు సెకన్లు చూసి మళ్లీ కేకేస్తుంది, తర్వాత ఎనిమిది, పదహారు. క్యూలో నిలబడ్డవాడే మళ్లీ వెనక్కి వెళ్లి రెండో టోకెన్, మూడో టోకెన్ తీసుకున్నట్టు. సర్వర్‌కు అవన్నీ కొత్త గిరాకీలే. పది సెకన్ల కిందటి కేకకు తీరిగ్గా ఆఫర్ పంపేసరికి, ఆ ల్యాప్‌టాప్ విసిగిపోయి మొదటినుంచి అడగడం మొదలుపెట్టి ఉంటుంది. సర్వర్ పని చేస్తూనే ఉంటుంది, ఆ పని ఎవరికీ అక్కరకు రాదు. క్యూ నిండితే వచ్చిన ప్యాకెట్లు చప్పుడు లేకుండా కింద పడిపోతాయి. చివరికి విండోస్ ల్యాప్‌టాప్‌లు 169.254 పెట్టుకుని, ఇక ఐదు నిమిషాలకోసారి ప్రయత్నిస్తాయి. మా నలభై నిమిషాల లెక్క అదే. రద్దీ తగ్గిన కొద్దీ విడతలు విడతలుగా అందరికీ అడ్రస్‌లు అందాయి. అప్పటికే అందరి నోటా మా పేరు పడిపోయింది.

దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు. డీహెచ్‌సీపీకి దాని సొంత ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఇచ్చాం, ఉమ్మడి స్టోరేజీ నుంచి తప్పించాం. కొన్ని సర్వర్లలో ఇంకో వెసులుబాటు ఉంటుంది. పది ఇరవై లీజులను పోగేసి ఒక్క నడకలో రిజిస్టర్‌లో రాసి, అప్పుడు అందరికీ కలిపి అక్ పంపడం. కొన్ని మిల్లీసెకన్ల ఆలస్యం మనిషికి తెలియదు, డిస్కుకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. అన్నిటికన్నా చవకైన మందు ఎలక్ట్రీషియన్ దగ్గరుంది: కరెంటు ఇచ్చేటప్పుడు ఫ్లోర్‌కూ ఫ్లోర్‌కూ మధ్య రెండు నిమిషాలు ఆగడం. ఇప్పటికీ మా చెక్‌లిస్టులో మొదటి లైను అదే.

ఇక్కడ ఇంకో బటన్ గురించి చెప్పాలి. ఆఫర్ ఇచ్చేముందు ఆ అడ్రస్‌ను ఎవరైనా వాడుతున్నారేమోనని పింగ్ చేసి, అంటే చిన్న పలకరింపు పంపి, చూసే సౌకర్యం సర్వర్లలో ఉంటుంది. ఒక్కో పింగ్‌కు సెకను చొప్పున ఆగాలి. విండోస్‌లో దాన్ని ఐదుసార్ల దాకా పెట్టుకోవచ్చు. ఐదు పెడితే ఆఫర్ బయల్దేరేసరికి ఐదు సెకన్లు, మిషన్ రెండో కేకేమో నాలుగో సెకనుకే. జాగ్రత్త కోసం పెట్టిన సెట్టింగే పైన చెప్పిన తొక్కిడికి నాంది అవుతుంది. నేనైతే సున్నాగానే వదిలేస్తాను, తప్పదనుకుంటే ఒకటి.

సర్వర్ సరిగ్గా ఉన్నా కేక అక్కడిదాకా చేరకపోవచ్చు. రిలే పని చేసే కోర్ స్విచ్‌లో ఈ ప్యాకెట్లు హార్డ్‌వేర్‌లో దూసుకుపోవు, స్విచ్ సొంత సీపీయూ దగ్గరికి వెళ్తాయి. ఆ సీపీయూను కాపాడటానికి సెకనుకు ఇన్నే అని పరిమితి పెట్టి ఉంటుంది. సర్వర్ సెకనుకు వెయ్యి ఇవ్వగలిగినా స్విచ్ రెండొందల దగ్గర కోసేస్తే మనకు మిగిలేది ఆ రెండొందలే. కెపాసిటీ షీట్‌లో స్విచ్ పేరున ఒక గడి లేకపోతే ఆ షీట్ సగమే.

రెండో సర్వర్ పెడితే బలం రెండింతలా?

కాదు. ఈ మాట ఎన్ని మీటింగుల్లో చెప్పానో లెక్కలేదు.

విండోస్ సర్వర్ 2012 నుంచి రెండు సర్వర్లను జంటగా కట్టే ఫెయిలోవర్ ఉంది, ఇతర సర్వర్లలోనూ ఇలాంటివి ఉన్నాయి. రిలే ప్రతి కేకనూ ఇద్దరికీ పంపుతుంది. మ్యాక్ అడ్రస్‌ను బట్టి ఎవరు జవాబివ్వాలో ఒప్పందం ఉంటుంది, సాధారణంగా చెరి సగం. కానీ ఒకరు ఇచ్చిన లీజును రెండోవాళ్లు కూడా తమ పుస్తకంలో రాసుకోవాలి. లేకపోతే జంట ఎందుకు? కాబట్టి మాట్లాడే పని సగమవుతుంది గానీ డిస్కు రాతలు సగం కావు. సర్వర్లు రెండైనా ఒక్కోదాన్నీ మొత్తం భారానికి సరిపడేలాగే కొనాలి. ఎలాగూ రెండోది పెట్టేది మొదటిది పోయిన రోజు కోసమే కదా.

ఆ రోజు ఏమవుతుందో చూద్దాం. ఖాళీ గదులు కూడా ఇద్దరి మధ్య పంచి ఉంటాయి. పూల్‌లో 60 గదులు మిగిలి ఉన్నప్పుడు ఒక సర్వర్ పోతే రెండోదాని చేతిలో ఉన్నవి 30. ఒకటి పనిచేస్తుంటే రెండోది ఊరికే కాచుకుని ఉండే హాట్ స్టాండ్‌బై పద్ధతిలోనైతే ఇంకా తక్కువ. స్టాండ్‌బై సర్వర్‌కు మామూలుగా దక్కే వాటా ఐదు శాతం. వెయ్యి గదుల గెస్ట్ పూల్‌లో యాభై. తోటి సర్వర్ నిజంగా చచ్చిందా, మధ్యలో తీగ తెగిందా అన్నది బతికున్నదానికి తెలియదు. మిగతా గదులను తనవిగా చేసుకోవాలంటే "అవతలిది పోయింది" అని మనిషో, ముందే పెట్టిన టైమరో చెప్పాలి. చెప్పాక కూడా ఒక గడువు ఆగాలి. విండోస్‌లో ఆ గడువు సాధారణంగా గంట.

ఇంకో విశేషం. సంబంధం తెగి ఉన్నంతసేపూ బతికున్న సర్వర్ ధైర్యంగా పూర్తి లీజు ఇవ్వలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఆ గంట గడువే లీజు, పాతవాళ్లూ క్రమంగా అదే దారిలోకి వస్తారు. మన 20,000 మిషన్ల ఆఫీసులో ఎనిమిది రోజుల లీజుతో పదిహేడు సెకన్లకో పొడిగింపు చూస్తున్న సర్వర్, తన జంట పోయాక సెకనుకు 11 దాకా చూడాల్సి వస్తుంది. 11 పెద్ద సంఖ్యేం కాదు. కానీ పదిహేడు సెకన్లకు ఒకటి చూసి సైజు కట్టినవాడికి అది దాదాపు రెండొందల రెట్లు.

మరి లీజు పొడుగ్గా ఉంటే మంచిదా? ఈ మూడో లెక్కకు మంచిదే. మిషన్ సగం గడువు దగ్గరే పొడిగించుకుంటుంది కాబట్టి, నెట్‌వర్క్‌లోనే ఉన్న ఏ మిషన్ దగ్గరైనా ఎప్పుడూ కనీసం సగం లీజు మిగిలి ఉంటుంది. ఎనిమిది గంటల లీజులో రెండు సర్వర్లూ పోయినా లోపల ఉన్నవాళ్లకు నాలుగు గంటలు ఢోకా లేదు. గంట లీజులో అరగంటే. అర్ధరాత్రి సర్వర్ పోతే నిద్రలేచి, క్యాబ్ పట్టుకుని, డేటా సెంటర్‌కు చేరి బాగు చేయడానికి మీకెంత పడుతుంది? మూడు గంటలైతే ఆరు గంటలకు తక్కువ లీజు పెట్టకండి. గెస్ట్‌ల విషయంలో మాత్రం నేను ఈ నియమం పాటించను. అర్ధరాత్రి గెస్ట్‌లు ఉండరు.

డిస్కు మీద ఇంకో భారం

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను, అంటే ఎప్పుడేం జరిగిందో రాసుకునే చిట్టాలను, 180 రోజులపాటు దాచాలి. ఏదైనా జరిగి, ఫలానా రోజు ఫలానా టైముకు ఈ అడ్రస్ ఎవరి దగ్గరుంది అని అడిగితే, జవాబు చెప్పగలిగేది డీహెచ్‌సీపీ లాగే. ఇక్కడొక చిన్న గొయ్యి ఉంది. విండోస్ డీహెచ్‌సీపీ లాగ్ ఫైళ్లకు వారాల పేర్లుంటాయి. సోమవారం ఫైలు వచ్చే సోమవారం తుడిచిపెట్టుకుపోతుంది. రోజూ దాన్ని ఇంకో చోటికి పంపే ఏర్పాటు లేకపోతే మీ దగ్గర ఉండేది 180 రోజులు కాదు, ఏడు. లీజు చిన్నదైన కొద్దీ లాగ్ లావవుతుంది కాబట్టి ఆ స్థలం లెక్క కూడా లీజు నుంచే మొదలుపెట్టాలి. లాగ్, లీజుల పుస్తకం ఒకే డిస్కు మీద పెట్టకపోతే ఇంకా మంచిది.

శనివారం రాత్రి

కాగితం మీద లెక్క కుదిరాక పరీక్షించి చూడాలి. ఐఎస్‌సీవాళ్ల కీయా అనే కొత్త సర్వర్‌తోపాటు పెర్ఫ్‌డీహెచ్‌సీపీ అనే పనిముట్టు వస్తుంది. వేల దొంగ మిషన్ల వేషం కట్టి సెకనుకు ఇన్ని డోరాలు అని సర్వర్ మీదికి తోలుతుంది. దాన్ని సర్వర్ పక్కన కూర్చుని కాకుండా ఫ్లోర్ మీది పోర్టు నుంచి, రిలే గుండా నడపాలి. స్విచ్ దగ్గర కోత ఉంటే అప్పుడే బయటపడుతుంది. అసలు పూల్ మీద కాకుండా దానికోసం వేరే స్కోప్ పెట్టుకోండి. మా వాడొకడు అది మరిచిపోయి ఒక ఫ్లోర్ పూల్ మొత్తం పది సెకన్లలో దొంగ మిషన్లకు పంచేశాడు.

లక్ష్యం ఏంటంటే, భవనంలోని మొత్తం పరికరాలు రెండు నిమిషాల్లో, ఒకే సర్వర్ మీద. 20,000 అయితే సెకనుకు 167. అదనంగా అంతే పెట్టుకుని 330 దాకా తడబడకుండా ఇస్తే చాలు. సొంత ఎస్ఎస్‌డీ ఉన్న రెండు కోర్ల, నాలుగు జీబీల వర్చువల్ మిషన్‌తో మేం అది దాటేశాం. ర్యామ్ డబుల్ చేసిన పాత సర్వర్‌లో సగం కూడా లేదు ఆ మిషన్.

ఆ తర్వాతి శనివారం రాత్రి భవనమంతా కరెంటు తీసి పెట్టి చూశాం. ఫ్లోర్ల మధ్య రెండు నిమిషాలు ఆగలేదు, కావాలనే అన్నీ ఒకేసారి ఇచ్చాం. వైఫై లేచాక నాలుగు నిమిషాల్లో అన్నిటికీ అడ్రస్‌లు అందాయి, 169.254 ఒక్కటీ కనబడలేదు. ఇళ్లకు పోదామని కిందికి దిగితే గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. హాజరు వేసే బయోమెట్రిక్ మిషన్లు మూడు పనిచేయట్లేదు. అవి వైరు మీద, స్విచ్ కన్నా ముందే లేచి, మూడుసార్లు కేకేసి, జవాబు రాక అంతటితో మానుకున్నాయి. మళ్లీ అడగడం వాటికి తెలియదు. ఒక్కొక్కదాని ప్లగ్గు పీకి పెట్టాం. సోమవారం వాటికి చేత్తో స్థిరమైన అడ్రస్‌లు వేసి, ఆ మూడింటినీ డీహెచ్‌సీపీ లెక్కలోంచి కొట్టేశాను.